హరికథా శ్రవణము - వక్తృధర్మము

శ్రవణము, కీర్తనము, స్మరణము మొదలుగా తొమ్మిది విధములైన భక్తిని ప్రహ్లాదుడు తన తండ్రి యెదుట నిరూపించెను. అందు శ్రవణమునకే తొలిస్థానము. చెవి సోకని నామమును నాలుక పలుకజాలదు. వినని కథను మనస్సు తలపోయజాలదు. కావున భక్తిసౌధమునకు శ్రవణమే మొదటి మెట్టు. ఇది మనమెల్లరము ఎరిగినదే. అయితే దాని వెంట మరియొక ప్రశ్న కలదు. వినువాడు మనసు నిలిపి వినవలెనన్నచో, చెప్పువాడు ఎట్లు చెప్పవలెను?

భగవత్కథ స్వతః అమృతమే. కాని అమృతమునకు సైతము వడ్డించువారు కావలెను గదా! క్షీరసాగరమునుండి అమృతకలశము వెలువడినంతమాత్రమున దేవతల దాహము తీరలేదు. శ్రీమన్నారాయణుడే జగన్మోహినియై వచ్చి, పంక్తులు తీర్చి కూర్చుండబెట్టి, తన చేతులతో వడ్డించిన పిమ్మటనే అది వారి నోటికి అందినది. ఆ జగన్మోహినీ కేశవస్వామి వెలసిన ర్యాలి క్షేత్రము కోనసీమ ఎగువ భాగమున, గౌతమీ వసిష్ఠల నడుమ నున్నది. అమృతమెంత ముఖ్యమో వడ్డన కూడ అంత ముఖ్యమని ఆ స్వామి మనకు నేర్పుచున్నాడు. పురాణము చెప్పు పెద్దలును, హరికథ చెప్పు భాగవతులును, ఇంటిలో పిల్లలకు రామకథ చెప్పు తల్లులును ఈ వడ్డన చేయువారే.

నిద్రించు శ్రోత నిందార్హుడా?

నేటి సభలలో తరచుగా ఒక మాట వినబడుచున్నది. “జనులకు భక్తి సన్నగిల్లినది. పురాణమునకు పదిమంది రారు, వచ్చినవారు వినరు, వినువారు కునుకుదురు, పిల్లలు చరవాణిలో తల దూర్చియుందురు” అని. ఈ మాటలో కొంత నిజము లేకపోలేదు. కాని పెద్దలు శ్రోతను నిందించుటతో ఆగిపోలేదు. తమ చెప్పుటలోని లోపమును ముందుగా వెదకికొనిరి.

కోనసీమలో ఒక శ్రీరామనవమి పందిరిని తలచుకొందము. అమలాపురము ప్రక్కనో, రాజోలు ప్రక్కనో ఒక చిన్న గ్రామము. రాత్రి ఎనిమిది గంటలు దాటినది. కొబ్బరాకుల పందిరి క్రింద చాపలపై ఎవరెవరు కూర్చున్నారు? తెల్లవారుజాముననే దాళ్వా చేనికి పోయి వచ్చిన రైతు ఉన్నాడు. పగలంతయు చెట్లెక్కి కొబ్బరికాయలు దింపిన కూలి ఉన్నాడు. పదిమందికి వండి వార్చి, అంట్లు తోమి, చంటిబిడ్డను భుజమున వేసికొని వచ్చిన ఇల్లాలు ఉన్నది. చెవులు సరిగా వినబడని వృద్ధుడు ఉన్నాడు. మరునాడు పాఠశాలకు పోవలసిన బాలుడు ఉన్నాడు. వీరు నిద్ర నాపుకొని, నడుము నొప్పి నోర్చుకొని వచ్చి కూర్చుండుటయే ఒక తపస్సు. ఆ కన్నులు మూతపడినచో అది భక్తిలోపము కాదు, దేహధర్మము. ఆ కన్నులను తెరపించుట వక్త ధర్మము.

వీరిలో ఒక్కొక్కరును ఒక్క రాత్రిని స్వామికి సమర్పించి వచ్చినారు. ఆ రాత్రి తిరిగి రాదు. దానిని వ్యర్థము చేయు అధికారము ఏ వక్తకును లేదు. ఈ ఎరుక కలిగిన నాడు మాట తనంత తానే శుద్ధమగును.

మారుతి చూపిన మార్గము

మాటలాడుట ఎట్లో శ్రీమద్రామాయణమున హనుమంతుని చూచి నేర్చుకొనవలెను. కిష్కింధాకాండమున భిక్షురూపమున వచ్చిన హనుమంతుడు మాటలాడి ముగించగనే శ్రీరామచంద్రుడు లక్ష్మణునితో ఆ మాటతీరును కొనియాడెను. ఆ మాట మిక్కిలి సాగదీయబడినది కాదట. సందేహమునకు చోటిచ్చునది కాదట. తొందరపాటు లేదు, నత్తనడక లేదు. స్వరము మరీ హెచ్చు కాదు, మరీ తగ్గు కాదు. మాటలాడునపుడు ముఖమునగాని, కన్నులలోగాని, కనుబొమలయందుగాని ఏ వికారమును పొడసూపలేదట. శ్రోతగా కూర్చున్న పరమాత్మ స్వయముగా చేసిన పరీక్ష ఇది. మైకు ముందు నిలుచువారెల్లరు దీనిని ఒకమారు చదువుకొనవలెను.

ఇంతకంటె లోతైన పాఠము సుందరకాండమున నున్నది. అశోకవనమున శింశుపావృక్షముపై దాగిన హనుమంతుడు సీతామాతను చూచెను. ఆ తల్లి ప్రాణత్యాగమునకు సిద్ధపడియున్నది. ఇపుడు మాటలాడకున్నచో ఆమె దక్కదు. మాటలాడినచో, కోతి మాటలాడుట చూచి బెదరి కేక వేయును, రాక్షసులు మేల్కొందురు, కార్యము చెడును. నవవ్యాకరణపండితుడైన ఆంజనేయుడు అపుడు తన పాండిత్యమును గూర్చి ఆలోచింపలేదు, ఆ తల్లి స్థితిని గూర్చి ఆలోచించెను. పండితులవలె సంస్కృతమున మాటలాడినచో తనను రావణుడని తలచి భయపడునేమో అని శంకించి, సామాన్యమానవులు పలుకు భాషయందే పలుకవలెనని నిశ్చయించెను. ఎక్కడ ప్రారంభించెను? తన పేరుతో కాదు, తన బలముతో కాదు, సముద్రలంఘనముతో కాదు. దశరథమహారాజు కథతో ప్రారంభించెను. అది ఆమెకు తెలిసిన కథ, ఆమె ఇంటి కథ. ఆ తెలిసిన పేరు చెవిని పడగనే ఆ తల్లి తల యెత్తి చెట్టువైపు చూచెను.

ఇందు మూడు ధర్మములు గలవు. శ్రోతకు పరిచితమైన భాషలో చెప్పుట. శ్రోతకు తెలిసినదానితో మొదలిడి తెలియనిదానికి తీసికొనిపోవుట. తన్ను గూర్చి చివర చెప్పికొనుట. నేటి సభలలో ఈ మూడవది తలక్రిందులగుట చూచుచున్నాము. సన్మానములు, శాలువలు, దాతల నామావళి, వక్త బిరుదుల పఠనము ముగియునప్పటికి రాత్రి తొమ్మిదిన్నర అగును. అప్పటికి చంటిబిడ్డల తల్లులు లేచి పోయియుందురు. రామకథ మొదలగునప్పటికి రామకథ వినదలచి వచ్చినవారిలో సగమే మిగిలియుందురు.

కొలతయందలి ధర్మము

లవకుశులు నైమిశారణ్యమున శ్రీరాముని అశ్వమేధయాగశాలకు పోవునపుడు వాల్మీకిమహర్షి వారికి చేసిన ఉపదేశము ఉత్తరకాండమున నున్నది. ఋషుల నివాసములయందు, వీథులయందు, రాజగృహద్వారములయందు గానము చేయుడని చెప్పెను. ఫలమూలములు భుజించుడు, దానివలన అలసట కలుగదు, కంఠము చెడదు అని చెప్పెను. దినమునకు ఇరువది సర్గలు పాడుడని చెప్పెను. ధనమునందు కొంచెమైనను లోభము వలదని చెప్పెను. ఆదికవి తన శిష్యుల గళమునకు ఆహారనియమము పెట్టినాడు, కథకు దినసరి కొలత పెట్టినాడు. ఇరువదినాలుగువేల శ్లోకముల గ్రంథము వారికి కంఠస్థమై యున్నను, వచ్చినదంతయు ఒక్కనాడే వినిపింపుడని చెప్పలేదు.

ఈ కొలత యొక్క విలువ కోనసీమ రైతునకు తెలిసినంతగా మరెవ్వరికి తెలియును? సర్ ఆర్థర్ కాటన్ పర్యవేక్షణమున 1847 మొదలు 1852 వరకు ధవళేశ్వరమున ఆనకట్ట నిర్మింపబడినది. నాటినుండి మధ్యడెల్టా కాలువలు ఈ లంకల నడుమ భూమిని పండించుచున్నవి. కాలువ తలదగ్గర నీరు పొంగి పారినంతమాత్రమున ఆయకట్టు పండదు. శివారు భూమికి నీరు చేరినపుడే కాలువ తన పని చేసినట్లు. వక్త విషయమున కూడ అంతే. ముందు వరుసలోని పండితులు తలలూపినంతమాత్రమున సభ రంజిల్లినట్లు కాదు. పందిరి చివర, గుంజకు చేరగిలి కూర్చున్న వృద్ధుని చెవికి మాట చేరినదా అని చూచుకొనవలెను. వానిని ఉద్దేశించి పలికినచో ముందు వరుసవారికి ఎటులనూ వినబడును.

మరియొక విశేషము. కోనసీమలో నీరు పెట్టుట ఎంత ముఖ్యమో, నీరు తీయుట అంతకంటె ముఖ్యము. పల్లపు నేలలలో మురుగుకాలువ పూడినచో సార్వా చేను నీట మునిగి కుళ్లును. పైరును చంపునది నీటి కొరత మాత్రమే కాదు, నిలిచిపోయిన నీరు కూడ. అట్లే ఆగుట తెలియని వాక్కు తాను నాటిన భావమును తానే ముంచివేయును. ఇంకొక్క గడియ వినవలెనని శ్రోతకు తోచుచుండగనే ముగించిన కథ ఇంటివరకు అతనితో నడచిపోవును. ఎప్పుడు ముగియునా అని తోచిన కథ పందిరిలోనే రాలిపోవును.

పాద్మపురాణమందలి భాగవతమాహాత్మ్యము సప్తాహనియమములను చెప్పునపుడు ఈ విషయమును మరువలేదు. మధ్యాహ్నమున రెండు గడియలు, అనగా సుమారు నలువదియెనిమిది నిమిషములు, కథకు విరామము నీయవలెనని విధించినది. ఆ విరామమున వైష్ణవులు హరినామసంకీర్తనము చేయవలెనట. విన్న చెవికి విశ్రాంతి, మౌనముగా నున్న నాలుకకు పని! వక్త దృష్టాంతములు చెప్పుటయందు నేర్పరియై, నిస్పృహుడై యుండవలెనట. అంతేకాదు, వక్త ప్రక్కన సంశయములు తీర్చగల మరియొక పండితుని కూర్చుండబెట్టవలెనట. శ్రోతకు సందేహము కలుగునని, కలిగిన సందేహము తీరనిచో మనస్సు అక్కడనే చిక్కుకొని తరువాతి కథను వినదని ఆ నియమము చేసినవారు ఎరుగుదురు.

ఆ మాహాత్మ్యమందే గోకర్ణోపాఖ్యానము గలదు. ప్రేతరూపమున నున్న ధుంధుకారి ఏడు కణుపుల వెదురులో ప్రవేశించి గోకర్ణుడు చెప్పిన భాగవతమును వినెను. దినమునకొక కణుపు పగిలినది. ఏడవనాటికి దివ్యరూపము వచ్చినది, విమానము వచ్చినది. అపుడు గోకర్ణుడు హరిదాసులను ఇట్లడిగెను: ఇందరు వినగా ఒక్కనికే విమానము వచ్చుట ఏమి? విన్నవారందరిలో మననము చేసినవాడు అతడొక్కడే అని వారు సమాధానము చెప్పిరి. ఇపుడు గోకర్ణుడు ఏమి చేసెనో గమనింపవలెను. “నేను చెప్పవలసినది చెప్పితిని, వినకపోవుట వారి కర్మ” అని వ్యాసపీఠము దిగిపోలేదు. శ్రావణమాసమున మరల సప్తాహము చేసెను. ఈ మారు అందరును మనసు పెట్టి వినిరి. ఆ ఊరివారందరును తరించిరి. శ్రోతలు అందుకొనలేదని తెలిసినపుడు విసుగు లేక మరల చెప్పుటయే ఆచార్యలక్షణము.

గోదాదేవి మేలుకొలుపు

నిద్రించువారిని మేల్కొలుపుట ఎట్లో తెలిసికొనదలచినచో తిరుప్పావైకంటె వేరు గ్రంథము కావలెనా? ధనుర్మాసమున ముప్పది దినములు మన వైష్ణవాలయములన్నిటను వినబడు ఆ ముప్పది పాశురములలో, ఆరవది మొదలు పదునైదవది వరకు గల పది పాశురములు నిద్రించు గోపికలను మేల్కొలుపునవే. గోదాదేవి పదిమందిని ఒకే రీతిగా పిలువలేదు. ఒకతెకు పక్షుల కలకలమును, శంఖధ్వనిని వినిపించినది. ఒకతెకు పెరుగు చిలుకు సవ్వడిని గుర్తు చేసినది. ఒకతెకు మేతకు బయలుదేరిన గేదెలను చూపినది. ఒకతెను మామకూతురా అని చుట్టరికము కలిపి పిలిచినది. ఒకతెతో, కుంభకర్ణుడు ఓడిపోయి తన నిద్రను నీకిచ్చి పోయినాడా యేమి అని పరిహాసమాడినది. చివరి గోపికతో ప్రశ్నకు ప్రశ్న, మాటకు మాటగా సంభాషణమే నడిపినది.

నిద్ర ఒక్కటే, నిద్రించువారు పదిమంది. కావున పిలుపులును పదివిధములు. ఈ పిలుపులలో దేనియందును తిరస్కారము లేదు. పరిహాసమున్నచోట కూడ ప్రేమయే యున్నది. “నీవు లేక మేము స్వామి సన్నిధికి పోలేము” అను భావము ప్రతి పిలుపులోను నిండియున్నది. అందుచేతనే ఆ తలుపులు తెరచుకొన్నవి.

నేటి వేదికలపై పరిహాసము ఒక్కొక్కప్పుడు దారి తప్పుచున్నది. ఏడ్చుచున్న బిడ్డతో కూర్చున్న తల్లిని పదిమందిలో గద్దించుట, కునికిన వృద్ధుని పేర్కొని సభను నవ్వించుట, ఆలస్యముగా వచ్చినవానిపై ఛలోక్తి విసరుట కొన్ని వేదికలపై కనబడుచున్నవి. ఆ క్షణమున సభ నవ్వును. కాని ఆ తల్లి మరునాడు పందిరికి రాదు. ఆమె రానిచో ఆమె బిడ్డయు రాదు. ఒక నవ్వునకు ఒక కుటుంబము శ్రవణభాగ్యము కోల్పోవుట ఎంత నష్టము!

భాగవతుల సంప్రదాయము

సభను కట్టివేయు నేర్పును మన తెలుగునాట హరికథకులు ఒక శాస్త్రముగా దిద్దిరి. ఆ సంప్రదాయమునకు హరికథాపితామహుడని పేరొందినవారు శ్రీమదజ్జాడ ఆదిభట్ల నారాయణదాసుగారు (1864-1945). విజయనగరమున 1919లో నెలకొన్న విజయరామ గానపాఠశాలకు వారు ప్రథమాధ్యక్షులు. సంగీతము, సాహిత్యము, నృత్యము, అభినయము అను నాలుగింటిని ఒక్క మనిషియందే కూర్చి, పండితునకు పాండిత్యమును పామరునకు కథను ఒకే పంక్తిలో వడ్డించుట వారు చూపిన త్రోవ. ప్రహ్లాద, అంబరీష, గజేంద్రమోక్షణాది భాగవతకథలను వారు హరికథలుగా రచించిరి.

పట్టుపంచె, నడుమున బిగించిన కండువా, మెడలో పూలదండ, కాళ్ల గజ్జెలు, చేత చిడతలు. ఇంతే హరికథకుని సాధనసంపత్తి. తెరలు లేవు, తోడి పాత్రధారులు లేరు. అయినను తెల్లవారువరకు ఊరు కదలక కూర్చుండెడిది. ఏల? కథకుడు శ్రోత మనస్సును ఒకే భంగిమలో ఎక్కువసేపు ఉండనీయడు. వచనము సాగుచుండగనే పద్యము వచ్చును. పద్యము చెవిలో నిలువకముందే కీర్తన వచ్చును. కీర్తన మధ్యమున గజ్జె ఘల్లుమనును. దుఃఖఘట్టము బరువెక్కినపుడు ఒక పిట్టకథ వచ్చి మనస్సును తేలిక పరచును. పొలమున ఒకే పైరు వేసిన నేల అలసిపోవునట్లు, ఒకే రసము విన్న మనస్సు అలసిపోవునని వారికి తెలియును.

అయితే పిట్టకథ పిట్టవలెనే వచ్చి వాలి, ఒక కూత కూసి, ఎగిరిపోవలెను. అది గూడు కట్టరాదు. కథకంటె పిట్టకథ పెద్దదైనపుడు, ఇంటికి పోయిన శ్రోతకు నవ్వు గుర్తుండును, నారాయణుడు గుర్తుండడు. అడుగవలసిన ప్రశ్న ఒక్కటే: ఈ మాట శ్రోతను స్వామి దగ్గరకు చేర్చుచున్నదా, నా దగ్గరకు చేర్చుచున్నదా? స్వామి దగ్గరకు చేర్చు హాస్యము కూడ సంకీర్తనమే. తన దగ్గరకు చేర్చుకొను పాండిత్యము కూడ వ్యాపారమే.

కోనసీమకు ఎదురుగా, గౌతమీ తూర్పు గట్టున నున్న కపిలేశ్వరపురమున 1973లో శ్రీ సర్వారాయ హరికథా పాఠశాల స్థాపింపబడినది. అచట ఆడపిల్లలు ఈ విద్యను అభ్యసించి గజ్జె కట్టి సభలకెక్కిరి. ఒకప్పుడు పురుషులకే చెందినట్లు తలపబడిన వేదికపై వారు సీతమ్మ కథను, రుక్మిణీకల్యాణమును చెప్పుట వినిన తల్లులకు ఆ కథ తమ ఇంటి ఆడపడుచు చెప్పినట్లుండును. చెప్పువారు మారినపుడు, వినువారిలో ఇంతవరకు వెనుక కూర్చున్నవారు ముందునకు వత్తురు. ఇదియు శ్రవణభక్తి పెంపొందు మార్గమే.

శ్రోత హృదయమెరిగిన పౌరాణికుడు

తిరుమలేశుని గర్భాలయమునకు ముందున్న గడపకు కులశేఖరపడి అని పేరు. ఆ పేరు గల కులశేఖరాళ్వారు చరిత్రలో పెద్దలు చెప్పు ఒక ఘట్టము కలదు. చేరదేశప్రభువైన ఆయన నిత్యము రామాయణము వినుచుండెడివాడు. ఒకనాడు పౌరాణికుడు ఖరదూషణవధ చెప్పుచు, పదునాలుగువేలమంది రాక్షసులు ఒకవైపు, శ్రీరాముడొక్కడే ఒకవైపు నిలిచెనని వర్ణించెను. అది జరిగిపోయిన కథ అని మరచిన కులశేఖరుడు ఆసనమునుండి లేచి, రామునకు తోడుగా సైన్యమును నడుపుడని ఆజ్ఞాపించెను. సభ నివ్వెరపోయినది. పౌరాణికుడు మాత్రము తడబడలేదు. “రామచంద్రుడు ఒంటరిగనే వారినందరను సంహరించెను. సీతమ్మ ఆయనను కౌగిలించుకొన్నది” అని వెంటనే ఆ ఘట్టమును ముగించెను. రాజు ఊపిరి పీల్చుకొని కూర్చుండెను.

నాటినుండి ఆ పౌరాణికుడు రాజు హృదయమెరిగి, భరింపజాలని ఘట్టములను క్లుప్తము చేసి, విజయఘట్టములను విస్తరించి చెప్పుచుండెను. ఒకనాడు తాను రాలేక కుమారుని పంపగా, ఆ బాలుడు పాఠమును ఉన్నదున్నట్లు చదువుచు సీతాపహరణమును చెప్పెనట. అంతట కులశేఖరుడు లంకపై దండెత్తబోయి సముద్రములో దిగెనట. సీతాసమేతుడైన శ్రీరాముడే దర్శనమిచ్చి ఆయనను గట్టునకు చేర్చెనని చెప్పుదురు.

తండ్రికిని కొడుకునకును గ్రంథము ఒక్కటే. భేదమెక్కడ నున్నది? కొడుకు గ్రంథమును చూచి చదివెను, తండ్రి శ్రోత ముఖమును చూచి చెప్పెను. కన్ను తాళపత్రముపై ఒకమారు, సభపై పదిమార్లు పడవలెను. ఎవరి కన్నులు చెమర్చినవి, ఎవరు చెవి యొగ్గి ముందునకు వంగినారు, ఎవరు ద్వారమువైపు చూచుచున్నారు అని గమనించుచు చెప్పువానికి సభయే గురువు.

ర్యాలి క్షేత్రమున మరియొక విశేషము కలదు. అచట ఒకే శిలయందు ముందువైపు కేశవమూర్తియు, వెనుకవైపు జగన్మోహినీరూపమును గలవు. భక్తులు ముందు దర్శించి, చుట్టును తిరిగి వెనుక కూడ దర్శింతురు. వెనుకభాగమున సైతము శిల్పము ముందుభాగమంత సంపూర్ణముగ నుండును. వక్త జీవితము కూడ అట్లుండవలెను. వేదికపై శాంతముగూర్చి చెప్పి, దిగిన తరువాత తాంబూలము తక్కువైనదని కోపించిన వానిని ఊరు చూచును. ఒకమారు చూచిన ఊరు మరల అతని మాటకు మనసీయదు. సభను నిలుపు ఉపాయములలో మొదటిది ఇదియే: చెప్పినది ఆచరించుట.

ఆయ్ అను మాట

ఇంతవరకు వక్త ధర్మమును చెప్పికొంటిమి. శ్రోతకు ధర్మము లేదా? కలదు. పరీక్షిన్మహారాజు ఏడు దినములు మాత్రమే ఆయువు మిగిలియుండగా, గంగాతీరమున శ్రీశుకుని యెదుట కూర్చుండెను. జలము సైతము విడిచిన తనను ఆకలిదప్పులు బాధింపకుండుటకు హరికథామృతమే కారణమని దశమస్కంధారంభమున శుకునితో చెప్పికొనెను. అట్టి శ్రోత యెదుట నున్నందుననే ఆ కథ అట్లు ప్రవహించినది. నైమిశారణ్యమున శౌనకాదులు ప్రశ్నించినందుననే సూతుడు చెప్పెను. శరశయ్యపై నున్న భీష్మపితామహుని ధర్మరాజు ఆరు ప్రశ్నలడిగినందుననే మనకు శ్రీవిష్ణుసహస్రనామము లభించినది. మంచి ప్రశ్న శ్రోత వక్తకిచ్చు దక్షిణ.

కథకు ఊఁ కొట్టువాడు ఉండవలెనని మన అమ్మమ్మలు ఊరక చెప్పలేదు. ఊఁ ఆగినచో బిడ్డ నిదురించినాడని వారు గ్రహించి కథ నాపుదురు. కోనసీమలో ఈ ఊకారమునకు మరింత మర్యాద చేర్చి, పెద్దలు మాటలాడుచుండగా “ఆయ్” అని పలుకుదురు. ఆ చిన్న పలుకులో వినుచున్నాననుట, గౌరవించుచున్నాననుట, ఇంకను చెప్పుడనుట మూడును ఇమిడియున్నవి. పందిరి చివరనుండి ఒక్క “ఆయ్” వినబడినచో వక్త అలసట తీరును. కావున కథకు పోవునపుడు ఆ పలుకును వెంట తీసికొనిపోవుదము. కథ మధ్యమున లేచిపోవుట, ప్రక్కవారితో మాటలాడుట, చరవాణిని మ్రోగనిచ్చుట మానుదము. ఏడ్చు బిడ్డ గల తల్లికి గాలి వచ్చు చోటు, అంచున చోటు మనమే చూపుదము.

ఇక పిల్లల మాట. ప్రహ్లాదుడు గురువులు ఇంటిపనులకు పోయిన వేళ తోటి రాక్షసబాలకులకు హరికథ చెప్పెను. వారు అతనిని ఆటకు పిలువవచ్చినవారు. అతడు గద్దింపలేదు. నవ్వుచు, తీయని మాటలతో దగ్గరకు పిలిచెను. వారు ఆటవస్తువులను వదలి చుట్టును కూర్చుండి, అతనియందే చూపును మనస్సును నిలిపిరి. మన పిల్లల చేతిలోని ఆటవస్తువు మారినది, పిల్లవాని మనస్సు మారలేదు. చేతిలోనిది లాగికొన్నచో వాడు కథను శిక్షగా తలచును. తీయగా పిలిచి, పది నిమిషములు చెప్పి, ఉత్కంఠ కలిగిన చోట ఆపి, మిగిలినది రేపు అన్నచో, మరునాడు వాడే వచ్చి ఒడిలో కూర్చుండును. దినమునకు పది నిమిషములైనచో ఏడాదికి అరువది గంటలగును. అరువది గంటలలో రామాయణభాగవతములు రెండును పిల్లల మనస్సున నాటుకొనగలవు.

వసిష్ఠ గోదావరి సాగరమున కలియు అంతర్వేదిలో, ఆ ప్రహ్లాదవరదుడు శ్రీలక్ష్మీనరసింహస్వామియై వెలసియున్నాడు. ప్రతి సంవత్సరము మాఘశుద్ధదశమి రాత్రి స్వామికి కల్యాణము, మరునాడు భీష్మైకాదశినాడు రథోత్సవము. సహస్రనామము చెప్పిన భీష్ముని పేరిట ప్రసిద్ధమైన తిథియందు, నవవిధభక్తి చెప్పిన ప్రహ్లాదుని స్వామి రథమెక్కుట ఎంతటి పొందిక! చెప్పినవారు ఇరువురును కష్టములో నుండియే చెప్పిరి. ఒకడు బాణములపై పరుండి చెప్పెను, మరియొకడు తండ్రి ఆగ్రహము నడుమ చెప్పెను. ఇరువురును తమకొరకు చెప్పలేదు. అందువలననే లోకము ఇంకను వినుచున్నది.

వక్తలకు వాక్శుద్ధియు, శ్రోతలకు శ్రద్ధయు, కథ వినుచు నిదురించిన పసిపాపలకు స్వప్నమునందైనను స్వామి దర్శనమును ఆ నరసింహుడు ప్రసాదించుగాక! హరికథ వినబడు ప్రతి పందిరియు, ప్రతి ఇంటి అరుగును నైమిశారణ్యమగుగాక!

సర్వం శ్రీకృష్ణార్పణమస్తు.